తెర వెనకే ఉండిపోయిన గొంతు: ఎలిజబెత్ ఫ్రేజర్ ఎందుకంత తక్కువ పాడింది?

సంక్షిప్తంగా: స్కాట్లండ్ గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ 1982 నుంచి 1996 వరకు కాక్టో ట్విన్స్ బృందంతో ఎనిమిది ఆల్బమ్‌లు చేసింది. బృందం విడిపోయాక పాతికేళ్లు గడిచినా ఆమె సొంత పేరు మీద ఒక్క పూర్తి ఆల్బమ్ కూడా రాలేదు. అయినా ఆమె గొంతు సినిమాల్లో, ఇతరుల పాటల్లో వినిపిస్తూనే ఉంది. దీన్ని చాలామంది ఆమె బిడియంతోనే సరిపెట్టేస్తారు. బిడియం ఒక కారణమే. ఆమె పాట అల్లే పద్ధతి, బృందంలో సొంత జీవితం కలగలిసిపోవడం, పాశ్చాత్య పాప్‌లో గాయని ముఖానికి ఉన్న విలువ అంతకంటే పెద్ద కారణాలు.

డ్రీమ్ పాప్ అనే మాట ఈమధ్య మన కుర్రకారు ఫోన్లలోనూ వినిపిస్తోంది. మంచు కమ్మినట్టుండే గిటార్, దాని వెనక ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుండే ఆడగొంతు, అందీ అందని మాటలు: స్థూలంగా ఇదీ ఆ సంగీతం. విన్నవాళ్లకు వరసగా మూడు ప్రశ్నలు పుడతాయి. ఈ గొంతు ఎవరిది? ఇది ఏ భాష? ఇంత బాగా పాడే మనిషి ఇప్పుడు ఎక్కడుంది?

ఈ మూడూ ఎక్కువగా ఎలిజబెత్ ఫ్రేజర్ చుట్టూనే తిరుగుతాయి. ఆమె గురించి రాసేవాళ్లు మూడో ప్రశ్న దగ్గరికి రాగానే కథల్లోకి వెళ్లిపోతారు. లోకాన్ని వదిలేసిన తపస్విని అంటారు, అంతుచిక్కని మనిషి అంటారు. చదవడానికి బాగుంటుంది గాని దానివల్ల తెలిసేదేమీ లేదు. ఆమె వృత్తిజీవితాన్ని ఏడాది వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే, దాదాపు ప్రతి మౌనానికీ ఒక కారణం కనిపిస్తుంది.

గ్రేంజ్‌మౌత్ నుంచి లండన్‌కు

ఫ్రేజర్ 1963 ఆగస్టు 29న స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్‌లో పుట్టింది. ఫర్త్ ఆఫ్ ఫోర్త్ ఒడ్డున, చమురు శుద్ధి కర్మాగారం నీడలో పెరిగిన ఊరు అది. మన విశాఖలో మల్కాపురం వైపు రాత్రిపూట గొట్టాల మీద మంట వెలుగుతుండటం చూసినవాళ్లకు ఆ ఊరి ఆకాశం అప్పట్లో ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊళ్లోనే ఒక హోటల్ డిస్కోలో రాబిన్ గుత్రీ రికార్డులు వేసేవాడు. అక్కడికి వచ్చి డాన్స్ చేసే అమ్మాయిని చూసి, ఇంత బాగా ఆడేది పాడటమూ వచ్చే ఉంటుందనుకుని బృందంలోకి పిలిచాడు. అప్పటికి ఆమె స్టేజీ ఎక్కిన గాయని కాదు, సంగీతం నేర్చుకున్నదీ లేదు.

గుత్రీ గిటార్, విల్ హెగీ బేస్, ఫ్రేజర్ గొంతు. డ్రమ్స్ వాయించే మనిషి లేడు, డ్రమ్ మెషీన్ ఉంది. ఈ ముగ్గురూ పంపిన క్యాసెట్ లండన్‌లో ఐవో వాట్స్-రసెల్ నడిపే ఫోర్ ఏడీ అనే చిన్న రికార్డు కంపెనీకి చేరింది. 1982లో తొలి ఆల్బమ్ 'గార్లండ్స్' వచ్చింది. బీబీసీ రేడియోలో జాన్ పీల్ వీళ్లను పిలిచి పాడించాడు. మరుసటి ఏడు హెగీ వెళ్లిపోయాడు, సైమన్ రేమండ్ వచ్చి చేరాడు. అక్కణ్ణుంచి చివరిదాకా ఈ ముగ్గురే.

ఫోర్ ఏడీ వాళ్ల పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. రికార్డు అట్టల మీద కళాకారుల ఫొటోలు వేయడం వాళ్ల అలవాటు కాదు. వాన్ ఆలివర్, నైజెల్ గ్రియర్సన్ కలిసి చేసిన డిజైన్లలో లేసులు, నీడలు, మసకబారిన రంగులు ఉండేవి. పాడేది ఎవరో అట్ట చూసి చెప్పలేం. బిడియస్తురాలైన ఇరవై ఏళ్ల అమ్మాయికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. ఆమె దాక్కోవాలని ప్రత్యేకంగా పూనుకోలేదు. దాక్కోవడానికి వీలున్న గదిలోనే ఆమె వృత్తి మొదలైంది.

మాట ఉంది, అర్థం ఎందుకు లేదు?

రెండో ప్రశ్న, ఇది ఏ భాష అన్నది, ఆమె వృత్తిజీవితం మొత్తానికీ తాళంచెవి లాంటిది.

కాక్టో ట్విన్స్ పాటల్లో చాలాభాగం ఇంగ్లిష్‌లా వినిపిస్తుంది గాని ఇంగ్లిష్ కాదు. అక్కడక్కడ ఒక మాట తెలిసినట్టే ఉంటుంది, మరుక్షణం జారిపోతుంది. ఫ్రేజర్ తనకు రాని భాషల నిఘంటువులు, పుస్తకాలు ముందేసుకుని, పలకడానికి బాగున్న మాటలు ఏరుకునేది. ఆ మాటకు నిఘంటువులో ఉన్న అర్థంతో ఆమెకు పనిలేదు. పాడినప్పుడు పుట్టే భావమే దానికి అర్థం. 1985లో వచ్చిన రెండు చిన్న రికార్డుల్లో కొన్ని పాటల పేర్లు సీతాకోకచిలుకలు, చిమ్మటల పేర్లలోంచి వచ్చాయి. 1984 నాటి 'ట్రెజర్' ఆల్బమ్‌లో పది పాటలకూ మనుషుల పేర్లలాంటి పేర్లే: లోరెలై, బియాట్రిక్స్, పర్సెఫనీ, పండోరా. మొదటి పాట పేరు 'ఐవో', అంటే వాళ్ల కంపెనీ యజమాని పేరు.

సంగీతం విని పెరిగిన తెలుగు చెవికి ఇది మరీ అంత వింత కాకూడదు. రాగం, తానం, పల్లవి పాడేటప్పుడు తానంలో "ఆనందం, తానం, నోం తోం" అనే అక్షరాల మీదే గాయకుడు అరగంట నడిపిస్తాడు. తిల్లానాలో చాలావరకు జతులే సాహిత్యం. అక్కడ అర్థం ఏమిటని ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ అక్షరాలకు సంప్రదాయం చోటిచ్చింది. ఫ్రేజర్‌కు అలాంటి చోటు లేదు. స్కాట్లండ్ పల్లెల్లో నోటితోనే నాట్యానికి వరస పాడే పాత పద్ధతి ఉంది గాని పాప్ పాటను దాంతో కొలిచేవాళ్లు లేరు. పాప్ పాట అంటే మాటలుండాలి, ఆ మాటలు గాయని మనసులోవి అయ్యుండాలి, అడిగితే ఆమె వివరించాలి. ఇదీ అక్కడి రివాజు.

దీంతో ఒక చిక్కు వచ్చిపడింది. తన లోపలిది బయటపెట్టకుండా పాడటానికి ఆమె ఎంచుకున్న పద్ధతే, ఆమె లోపల ఏముందోనన్న కుతూహలాన్ని జనంలో పెంచింది. సంగీత పత్రికలు ఆమెది "దేవుడి గొంతు" అని రాసేదాకా వెళ్లాయి. ప్రతి ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న: ఆ పాటలో ఏమంటున్నారు? జవాబు చెప్పలేక ఆమె ముడుచుకుపోయేది. ముడుచుకున్న కొద్దీ రహస్యం అన్న పేరు పెరిగేది. అది ప్రచార వ్యూహమని అనుమానించినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతి ముప్ఫై ఏళ్లు చూస్తే ఆ అనుమానం నిలవదు. వ్యూహమే అయితే ఎప్పుడో ఒకప్పుడు దాన్ని సొమ్ము చేసుకునేవాళ్లు.

ధ్వని నిర్మాణం కూడా ఈ దాపరికానికి తోడైంది. గుత్రీ గిటార్‌ను నేరుగా వినిపించడు. ఒక తీగ మీటితే అది ధ్వనిని మార్చే కోరస్, డిలే, రివర్బ్ పెట్టెల గుండా తిరిగి, పొరలు పొరలుగా, పొగలా బయటికి వస్తుంది. దాని మీద ఫ్రేజర్ గొంతు ఒకటి కాదు, రెండు మూడు వరసలు. ఒకటి కింద స్థాయిలో గొణుగుతుంటే ఇంకొకటి పైన ఎగురుతుంది, రెండూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటాయి. గొంతు ఇక్కడ వాద్యాల్లో ఒక వాద్యం. సాధారణ పాప్ రికార్డులో గాయని గొంతు ముందుకు, వాద్యాలు వెనక్కి ఉంటాయి. ఇక్కడ ఆ తేడా చెరిపేశారు. స్టేజీ మీద మాత్రం చెరపడం కుదరదు. అక్కడ ఒక్క నోరే, ఎదురుగా వేలమంది, వెలుగు ఆమె ముఖం మీద.

ఒక పాట, రెండు తరాలు

1983లో వాట్స్-రసెల్ తన కంపెనీ కళాకారులను కలిపి దిస్ మోర్టల్ కాయిల్ పేరుతో రికార్డు చేస్తున్నాడు. టిమ్ బక్లీ 1970లో విడుదల చేసిన 'సాంగ్ టు ద సైరన్' ఆయనకు ప్రాణం. వాద్యాలేవీ లేకుండా ఫ్రేజర్ ఒంటి గొంతుతో పాడాలన్నది ఆయన ఆలోచన. అది కుదరలేదు. స్టూడియో గోడకు ఆనుకుని గుత్రీ ఏదో వాయిస్తూ ఉన్నాడు, అదే పాటకు తోడైంది. అసలు ఇది రికార్డుకు రెండోవైపు వేద్దామనుకున్న పాట. చివరికి మొదటివైపు పాటను మింగేసి, బ్రిటన్ ఇండీ చార్టుల్లో, అంటే చిన్న కంపెనీల రికార్డుల జాబితాల్లో, దాదాపు రెండేళ్ల దాకా కదలకుండా కూర్చుంది.

ఈ పాటలో మాటలు ఆమెవి కావు, స్పష్టమైన ఇంగ్లిష్. సముద్రం మీద నావికుణ్ణి పిలిచే మాయాస్త్రీల గురించిన పాట. ఫ్రేజర్ ఎంత తేటగా పలకగలదో ఇందులో తెలుస్తుంది. అంటే ఇతర పాటల్లో మాట తెలియకపోవడం ఉచ్చారణ లోపం కాదు, ఆమె ఎంపిక. పరాయి మాటలు దొరికితే ఆమె బెరుకు లేకుండా పాడుతుంది. ఈ సంగతి తర్వాత పదే పదే రుజువైంది.

ఈ పాట వల్ల జరిగిన ఒక గొలుసుకట్టు పరిణామం డ్రీమ్ పాప్ చరిత్రలోనే ఆసక్తికరమైనది. దర్శకుడు డేవిడ్ లించ్ 1986 నాటి 'బ్లూ వెల్వెట్' సినిమాలో దీన్ని వాడుకోవాలనుకున్నాడు. హక్కుల ఖర్చు భరించలేకపోయాడు. దాంతో ఆంజెలో బదలమెంటీతో కలిసి అదే ఛాయలో కొత్త పాట కట్టాడు. జూలీ క్రూజ్ పాడింది. ఆ ముగ్గురి కలయిక అక్కణ్ణుంచి 'ట్విన్ పీక్స్' టీవీ సీరియల్ సంగీతం దాకా నడిచింది. అమెరికాలో డ్రీమ్ పాప్ అనగానే గుర్తొచ్చే ధ్వనుల్లో ఒకటి, దొరకని హక్కుల పుణ్యమా అని పుట్టిందన్నమాట. లించ్ మాత్రం పట్టు వదల్లేదు. 1997లో 'లాస్ట్ హైవే'లో అసలు పాటనే వాడాడు.

టిమ్ బక్లీ కొడుకు జెఫ్ బక్లీ కూడా గాయకుడే. 1990ల మధ్యలో ఫ్రేజర్‌కూ అతనికీ మధ్య ప్రేమ నడిచింది. ఇద్దరూ కలిసి పాడిన ఒక పాట అసంపూర్తిగా మిగిలి, తర్వాత ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. అది బయటపడటం ఆమెకు నచ్చలేదు. పూర్తికాని పనిని జనం వినడం ఆమెకు ఎంత ఇబ్బందో, ఈమధ్య కాలంలో రికార్డులు ఎందుకు రాలేదో అర్థం చేసుకోవడానికి ఇదొక్కటి చాలు.

పని, కాపురం ఒకే గదిలో

ఫ్రేజర్, గుత్రీ బృందంలో సహచరులే కాదు, భార్యాభర్తల్లా కలిసి బతికినవాళ్లు. 1989లో వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. మరుసటి ఏడు సెప్టెంబరులో వచ్చిన 'హెవెన్ ఆర్ లాస్ వేగస్' ఆల్బమ్ బ్రిటన్ చార్టులో 7వ స్థానానికి వెళ్లింది, వాళ్లకదే అత్యున్నతం. బిడ్డ పుట్టిన సంతోషం ఆమె పాటల్లో మాటలను కొంత విప్పింది. ఇంతకుముందుకంటే ఇందులో పదాలు ఎక్కువ తెలుస్తాయి. అదే కాలంలో గుత్రీ మాదకద్రవ్యాల వ్యసనంలో కూరుకుపోయి ఉన్నాడు, రేమండ్ తండ్రి ఐవర్ రేమండ్ చనిపోయాడు. వింటే మబ్బుల్లో తేలుతున్నట్టుండే ఆ రికార్డు ఇన్ని బరువుల కింద తయారైంది.

ఆ ఆల్బమ్ అంతగా ఆడిన ఏడాదే ఫోర్ ఏడీతో బంధం తెగింది. తర్వాత ఫోంటానా అనే పెద్ద కంపెనీకి మారారు. 1990ల తొలినాళ్లలో ఫ్రేజర్ మానసికంగా బాగా కుంగిపోయి చికిత్స తీసుకుంది. 1993 ప్రాంతంలో ఆమె, గుత్రీ విడిపోయారు. ఆ ఏడాది వచ్చిన 'ఫోర్-క్యాలెండర్ కెఫే'లో ఆమె మాటలు అంతకుముందెన్నడూ లేనంత సూటిగా ఉన్నాయి. అవి తమ బంధం గురించినవేనని వినేవాళ్లకు తెలిసిపోతుంది. ఆ మాటలకు గిటార్ వాయించినవాడు గుత్రీనే.

మామూలు ఉద్యోగంలో అయితే విడాకులైన ఇద్దరిలో ఒకరు బదిలీ పెట్టుకుంటారు. ముగ్గురే ఉన్న బృందంలో బదిలీ ఉండదు. ఆ ధ్వని గుత్రీది, ఆ గొంతు ఫ్రేజర్‌ది, ఒకటి లేకపోతే రెండోది కాక్టో ట్విన్స్ కాదు. 1996లో 'మిల్క్ అండ్ కిసెస్' చేశారు. ఆ తర్వాతి ఆల్బమ్ పనిలో ఉండగానే 1997లో బృందం ముగిసింది. అదే ఏడాది మే 29న జెఫ్ బక్లీ అమెరికాలోని మెంఫిస్ దగ్గర వుల్ఫ్ నదిలో ఈతకు దిగి మునిగిపోయాడు.

ముఖం వేరొకరిది

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు చెందిన ముగ్గురి బృందం మాసివ్ అటాక్ అప్పుడు 'మెజనీన్' ఆల్బమ్ పనిలో ఉంది. 'టియర్‌డ్రాప్' పాట వరస తయారయ్యాక ఎవరు పాడాలన్న దగ్గర వాళ్లలో వాళ్లకే తేడా వచ్చింది. ముగ్గురిలో ఒకడైన ఆండ్రూ వౌల్స్ ఆ పాటను మడోనాకు పంపాడు, ఆమె సరేనంది కూడా. మిగతా ఇద్దరూ ఫ్రేజర్ కావాలన్నారు. ఫ్రేజర్ పాడింది. జెఫ్ బక్లీ మరణవార్త ఆమెకు ఆ పాట పనిలో ఉండగానే తెలిసింది. అంతకుముందే అతని పాత ఉత్తరాలు తీసి చదువుకుందట. ఆ పాట కొంతవరకు అతని గురించేనని ఆమె తర్వాత చెప్పింది.

1998లో వచ్చిన ఆ పాట బ్రిటన్‌లో 10వ స్థానానికి వెళ్లింది. మొదట గుండె కొట్టుకుంటున్నట్టు దరువు, దాని మీద పియానోలాంటి పాత వాద్యం హార్ప్సికార్డ్ చిన్న వరస, ఆపైన ఆమె గొంతు. వీడియోలో గర్భంలోని శిశువు ఆ పాటకు పెదవులు కదుపుతుంది. గాయని ఎక్కడా కనబడదు. ఈ వీడియోను చాలామంది చాలా రకాలుగా వ్యాఖ్యానించారు. వృత్తి కోణంలో చూస్తే మాత్రం అది ఫ్రేజర్‌కు దొరికిన అసలైన వెసులుబాటుకు బొమ్మ కట్టినట్టుంటుంది. గొంతు ఆమెది, ముఖం వేరొకరిది.

తెలుగువాళ్లకు ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. పి.సుశీల, ఎస్.జానకి గొంతులు రెండు మూడు తరాల నాయికల ముఖాల మీదుగా మన ఇళ్లలోకి వచ్చాయి. నేపథ్య గాయని అన్న మాటలోనే ఆ గౌరవం ఉంది: వెనక ఉండటం లోటు కాదు, అదొక వృత్తి. పాశ్చాత్య పాప్‌లో ఆ వృత్తికి సరైన పేరే లేదు. అక్కడ పాడేవాళ్లే పాటకు ముఖం. ఫొటో, ఇంటర్వ్యూ, టీవీ, పర్యటన అన్నీ ఆ ముఖం మీదే నడుస్తాయి. వెనక ఉండాలనుకునేవాళ్లకు మిగిలిన దారి ఒక్కటే, అతిథిగా పాడటం. 1997 తర్వాత ఫ్రేజర్ దాదాపు పూర్తిగా అదే దారి పట్టింది.

ఆ ఏర్పాటులో ఆర్థిక సౌలభ్యం కూడా ఉంది. 'టియర్‌డ్రాప్' రచయితల జాబితాలో మాసివ్ అటాక్ ముగ్గురితో పాటు ఫ్రేజర్ పేరు ఉంది. పాటను టీవీకో సినిమాకో ఇచ్చినప్పుడు రెండు రకాల హక్కులకు డబ్బు కట్టాలి: రికార్డింగుకు ఒకటి, రచనకు ఒకటి. రచయితల్లో పేరున్నవాళ్లకు రెండో దానిలో వాటా వస్తుంది, స్టేజీ ఎక్కినా ఎక్కకపోయినా. అమెరికాలో 2004 నుంచి 2012 దాకా నడిచిన 'హౌస్' సీరియల్‌కు ఇదే పాట ఆరంభ సంగీతం. ఇక్కడొక చిత్రం: అక్కడ వాడింది వాద్యాల భాగమే, ఫ్రేజర్ గొంతు వినబడదు. ఆ పాట వల్ల ఆమె పేరు తెలిసినవాళ్లలో చాలామంది ఆమె గొంతు లేని ముక్కనే ముందు విన్నారు.

అతిథి పాత్రలకు కొదవ లేదు. స్కాట్లండ్ స్వరకర్త క్రెయిగ్ ఆర్మ్‌స్ట్రాంగ్, పీటర్ గేబ్రియల్, ఫ్రాన్స్ స్వరకర్త యాన్ టియర్సన్ రికార్డుల్లో పాడింది. 2001లో వచ్చిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' తొలిభాగంలో మాంత్రికుడు గాండాల్ఫ్ కోసం ఎల్ఫ్‌లనే కల్పిత జాతివాళ్లు చేసే విలాపగీతం పాడింది ఆమే. ఆ సినిమా చూసిన తెలుగువాళ్లు కోకొల్లలు, పాడింది ఎవరో తెలిసినవాళ్లు తక్కువే. ఆ గీతం మూలకథ రచయిత టోల్కీన్ కల్పించిన ఎల్ఫ్ భాషల్లో ఉంటుంది. ఏళ్ల తరబడి తనే ఒక భాష కల్పించుకుని పాడిన మనిషికి, ఇంకొకరు కల్పించిన భాష చేతిలో పెట్టారు.

ఇద్దరు తోటివాళ్లు: సాండోవల్, ఎన్యా

బిడియమే అసలు కారణమైతే, బిడియస్తులందరి కథా ఒకేలా ఉండాలి. అలా లేదు.

అమెరికా బృందం మ్యాజీ స్టార్ గాయని హోప్ సాండోవల్ 1966లో లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాలున్న కుటుంబంలో పుట్టింది. స్టేజీ మీద దాదాపు చీకట్లోనే పాడుతుంది, పాటకూ పాటకూ మధ్య జనంతో మాట్లాడదు, ఇంటర్వ్యూలంటే ఇష్టం లేదు. 1993 ఆల్బమ్‌లోని 'ఫేడ్ ఇంటు యు' మరుసటి ఏడు బిల్‌బోర్డ్ చార్టులో 44వ స్థానానికి వెళ్లింది. ఆ ఊపుతో ఆల్బమ్ అమెరికాలో పది లక్షల అమ్మకాల గుర్తింపు అందుకుంది. 1996 తర్వాత బృందం మూగబోయి, మళ్లీ ఆల్బమ్ తెచ్చింది 2013లో. పదిహేడేళ్ల ఖాళీ. అయితే ఈ మధ్యలో ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మై బ్లడీ వేలంటైన్ అనే బృందం డ్రమ్మర్‌తో ఇంకో బృందం పెట్టి 2001లో, 2009లో ఆల్బమ్‌లు చేసింది. మ్యాజీ స్టార్‌లో ఆమె జోడీ డేవిడ్ రోబాక్‌తో పని సంబంధం ఎంత కాలం ఆగినా తెగలేదు, అందుకే తిరిగి కలవడం సాధ్యమైంది. 2020లో రోబాక్ చనిపోయేదాకా ఆ తలుపు తెరిచే ఉంది.

ఇంకో పోలిక ఉంది. సాండోవల్ కూడా మాసివ్ అటాక్‌కు పాడింది. 2010లో వచ్చిన 'ప్యారడైజ్ సర్కస్' బీబీసీ 'లూథర్' సీరియల్ ఆరంభ సంగీతమైంది. ఇద్దరు ఏకాంతప్రియులు, ఒకే బృందానికి అతిథులు, రెండు టీవీ సీరియళ్లు. కాకతాళీయం అనిపించవచ్చు గాని, మాసివ్ అటాక్ పని తీరే అది. వాళ్లకు స్థిరమైన గాయని లేదు. ప్రచారమంతా బృందం పేరు మీద నడుస్తుంది, వచ్చిన గొంతు పాడి వెళ్లిపోవచ్చు.

ఐర్లండ్ గాయని ఎన్యా కథ ఇంకా భిన్నం. ఆమెది డ్రీమ్ పాప్ అనలేం గాని, పొరలు పొరలుగా గొంతు పేర్చే పద్ధతిలో దగ్గరి చుట్టమే. ఐర్లండ్‌లో కోటలాంటి ఇంట్లో ఉంటుంది, సొంతంగా కచేరీ పర్యటన చేసిందే లేదు. అయినా 1987 నుంచి 2015 దాకా ఎనిమిది ఆల్బమ్‌లు తెచ్చింది. కోట్లలో అమ్ముడయ్యాయి. కారణం ఆమె పని ఏర్పాటు. నికీ రయన్ నిర్మాత, ఆయన భార్య రోమా రయన్ గీత రచయిత్రి, ఎన్యా స్వరం, గొంతు. మొదటి నుంచీ ఈ ముగ్గురూ పర్యటన ఆదాయం మీద ఆశ పెట్టుకోకుండా స్టూడియో చుట్టూనే వ్యాపారం కట్టుకున్నారు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' అదే తొలిభాగంలో చివర వచ్చే పాట ఎన్యాదే, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఒకే సినిమాలో ఇద్దరు అజ్ఞాతవాసులు పాడారు. ఒకరి పేరు తెర మీద పెద్దగా పడింది, ఇంకొకరిది టైటిళ్లలో వెతుక్కోవాలి.

ముగ్గురికీ బిడియం సమానమే. తేడా జోడీల్లో ఉంది. ఎన్యా జోడీ నిలిచింది, సాండోవల్ జోడీ సాగి సాగి నిలిచింది, ఫ్రేజర్ జోడీ కాపురంతో పాటే కూలింది. కొత్త జోడీ కుదరడానికి ఆమెకు చాలా కాలం పట్టింది.

2005లో జరిగింది, జరగనిది

పాత బృందాలు మళ్లీ కలిసి కచేరీలు చేయడం 2000ల నాటికి పెద్ద వ్యాపారమైంది. రికార్డుల అమ్మకాలు పడిపోతున్న కాలంలో పర్యటనే అసలు ఆదాయం. 2005 ఆరంభంలో కాక్టో ట్విన్స్ కూడా అమెరికాలో కోచెల్లా ఉత్సవంలో పాడతారన్న ప్రకటన వచ్చింది. ఆ తర్వాత ప్రపంచ పర్యటన ఆలోచన కూడా ఉంది. మార్చిలో రద్దయింది. గుత్రీతో మళ్లీ స్టేజీ పంచుకోవడం తనవల్ల కాదని ఫ్రేజర్ తప్పుకుంది.

అభిమానుల్లో కొందరికి ఇది ఇప్పటికీ కోపమే. న్యాయంగా చూస్తే, డబ్బు ఎంతైనా కావచ్చు, విడిపోయిన మనిషి పక్కన నిలబడి ఆ విడిపోవడం గురించిన పాటలు ఊరూరా రాత్రికి రాత్రి పాడమని ఎవరినీ అడగకూడదు. మాసివ్ అటాక్ వెంట ఆమె 2006లో పర్యటన చేసింది. 'మెజనీన్' ఇరవై ఒక్క ఏళ్ల సందర్భంగా 2019లోనూ పాడింది. కచేరీ అంటేనే భయం అనుకోవడానికి ఈ రెండూ అడ్డొస్తాయి. స్టేజీ మధ్యలో పెద్ద తెర, దాని మీద బొమ్మలు, పక్కన చీకట్లో ఆమె. అక్కడ ఆమె పాడగలిగింది.

సొంత పేరు మీద నిలబడింది 2012 ఆగస్టులో, లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో జరిగిన మెల్ట్‌డౌన్ ఉత్సవంలో. కాక్టో ట్విన్స్ పాటలు కూడా పాడింది, గుత్రీ లేకుండా. వాటితో పాటు కొత్త పాటలూ వినిపించింది. ఆల్బమ్ వస్తుందని అందరూ అనుకున్నారు. రాలేదు.

కొత్త జోడీ

ఆ కొత్త పాటల వెనక ఉన్నది డ్రమ్మర్ డామన్ రీస్. ఆమె జీవిత భాగస్వామి, మాసివ్ అటాక్‌తో కూడా వాయించాడు. మళ్లీ పనీ కాపురమూ ఒకే చోట. ఈసారి తేడా ఏమిటంటే గడువులు లేవు, కంపెనీ ఒత్తిడి లేదు, ఏడాదికో రికార్డు అన్న లెక్క లేదు. 1982 నుంచి 1986 మధ్య నాలుగు ఆల్బమ్‌లు, వాటి నడుమ లెక్కకు మిక్కిలిగా చిన్న రికార్డులు చేసిన మనిషి, ఇప్పుడు ఒక పాట మీద ఏళ్లు గడుపుతుంది.

ఇద్దరూ కలిసి సన్స్ సిగ్నేచర్ పేరుతో 2022లో అయిదు పాటల రికార్డు తెచ్చారు. జెనెసిస్ బృందంలో వాయించిన స్టీవ్ హాకెట్ గిటార్ అందించాడు. మాటలు ఇప్పుడు ఇంగ్లిష్‌లోనే, చాలావరకు తెలుస్తాయి. పూలు, గాలి, వెలుగు, తోట. అట్ట మీద ఆమె సొంత పేరు లేదు, బృందం పేరే ఉంది.

ఆ అయిదింటిలో మొదటిది 'అండర్‌వాటర్'. దాని పాత రూపం 2000 ప్రాంతంలోనే అతి కొద్ది కాపీలుగా బయటికొచ్చి, అభిమానుల చేతుల్లో తిరిగింది. 2012లో కచేరీలో పాడింది. రికార్డుగా అందరికీ అందింది 2022లో, ఆమెకు యాభై ఎనిమిదేళ్లప్పుడు.